పక్కింటి ఫొటో ఎవరు తీస్తారు?

చార్మినారుకు ఇంతవరకు ఎన్ని ఛాయాచిత్రాలు తీశారో లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు. లేపాక్షి నందికీ, వేయిస్తంభాల గుడికీ, గోల్కొండ కోటకూ అదే వైభోగం. కానీ మన ఊళ్ళలో ఏదో ఒక వీధిని తీసుకొని, 1960 ప్రాంతంలో ఆ వీధికి ఎడమచేతి వైపు వరుసగా ఏయే ఇళ్ళుండేవి, ఏ ఇంటికి పెంకు, ఏ ఇంటికి తాటాకు, ఏ ఇంటికి డాబా, ఎవరి అరుగు ఎంత ఎత్తు అని అడిగితే, చూపించడానికి ఒక్క బొమ్మ దొరకడం గగనం. పెళ్ళి ఆల్బములు తిరగేస్తే పెళ్ళికూతురి భుజం వెనుక సగం తలుపు, పెదనాన్నగారి తలపాగా పక్కన నాలుగు కిటికీ ఊచలు కనిపిస్తాయి. ఆ ఫొటోలన్నీ ఇంటి ముందు నిలబడినవారి కోసం తీసినవే కాని, ఇంటి కోసం తీసినవి కావు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టవలసింది లేదు. ఒక్కొక్క ఫిల్ము చుట్టకూ ముందూ వెనుకా ఆలోచించవలసిన రోజులవి. మనిషి మారిపోతాడు, బిడ్డ ఎదిగిపోతుంది, ఇల్లు మాత్రం ఎక్కడికి పోతుంది అనుకోవడం సహజం. కానీ జరిగింది వేరు. ఆ బిడ్డ నేడు అమ్మమ్మ అయి మన మధ్యనే ఉంది. ఆ ఇల్లు లేదు.

సాధారణమైన ఇంటికి చరిత్రలో చోటు దక్కాలంటే అది ఆ వీధివాళ్ళ చేతిలోని కెమెరా వల్లనే సాధ్యమని నా అభిప్రాయం. ప్రభుత్వం కట్టడాలను చూసుకుంటుంది, పండితులు గుళ్ళనూ శాసనాలనూ చూసుకుంటారు, స్టూడియోవారు సొమ్ము ఇచ్చినవారిని చూసుకుంటారు. మూడో వార్డులోని పెంకుటింటిని చూసుకోవలసిన బాధ్యత ఎవరికీ లేదు. బాధ్యత లేకున్నా ఇష్టం కొద్దీ చూసేవాడే ఔత్సాహికుడు. అయితే అతడు ఫొటో తీసి ఊరుకుంటే చాలదు. ఆ ఫొటో వెనుక నాలుగు మాటలు రాసిపెట్టాలి. ఈ రెండో మాటకు నిదర్శనంగా ఒక అమెరికావాడి సంగతి చెప్పాలి.

ఛార్ల్స్ కుష్మన్ 1896లో ఇండియానా రాష్ట్రంలో పుట్టాడు. ఛాయాగ్రహణం ఆయన వృత్తి కాదు, చరిత్ర ఆయన చదువు కాదు. వ్యాపార రంగంలో ఉద్యోగాలు చేసుకుంటూ, 1938 నుంచి 1969 వరకు, ముప్పై ఏళ్ళకు పైగా, కోడాక్రోమ్ రంగుల ఫిల్ము మీద సుమారు 14,500 స్లైడులు తీశాడు. కోడాక్రోమ్ స్లైడు ఫిల్ము బజారులోకి వచ్చిందే 1936లో. నాటి ప్రసిద్ధ ఛాయాగ్రాహకులలో అధికులు నలుపు తెలుపులనే కళగా భావిస్తున్న కాలంలో, ఈయన షికాగో నగరంలో పాత వీధుల వెంట తిరుగుతూ ఇటుక గోడలనూ, చెక్క మెట్లనూ, రంగు వెలిసిన వసారాలనూ, వాటి ముందు కూర్చున్న మనుషులనూ ఉన్న రంగులలో పట్టుకున్నాడు. తరువాత శాన్ ఫ్రాన్సిస్కోకు మకాం మార్చి అక్కడా అదే పని చేశాడు.

1950, 60 దశకాలలో పట్టణ పునర్నిర్మాణం పేరుతో షికాగో దక్షిణ భాగంలో వీధులకు వీధులే నేలమట్టమయ్యాయి. నల్లజాతి కుటుంబాలు, శ్రామిక కుటుంబాలు కాపురమున్న ఇళ్ళవి. వాటిని శిథిలాలని కాగితం మీద రాసుకొని పడగొట్టారు. ఆ ఇళ్ళు ఎలా ఉండేవో రంగులతో సహా నేడు తెలుస్తున్నదంటే అందుకు కుష్మన్ వంటివారు కారణం. ఆయన 1972లో మరణించాడు. స్లైడులన్నీ తాను చదువుకున్న ఇండియానా విశ్వవిద్యాలయానికి రాసి ఇచ్చాడు. అవి అక్కడ ఏళ్ళ తరబడి ఎవరి దృష్టికీ రాకుండా పడి ఉండి, ఈ శతాబ్దం మొదట్లో డిజిటల్ రూపంలో లోకానికి వెల్లడయ్యాయి.

ఇంతవరకు చెప్పినది అదృష్టం కథలాగా ఉంటుంది. అసలు సంగతి స్లైడులలో లేదు, వాటితోపాటు ఆయన ఇచ్చిన చిన్న చిన్న నోటు పుస్తకాలలో ఉంది. తీసిన ప్రతి బొమ్మకూ తేదీ, స్థలం, విషయం క్రమం తప్పకుండా రాసుకున్నాడాయన. ఆ పుస్తకాలే లేకపోతే ఆ 14,500 బొమ్మలూ అందమైన అనాథలై ఉండేవి. ఏదో ఊరు, ఏదో వీధి, ఎప్పుడో ఒకప్పుడు! నోటు పుస్తకం ఉన్నది గనుక పరిశోధకులు ఫలానా వీధి మూలకు వెళ్ళి, అదే చోట నిలబడి, నాటికీ నేటికీ మధ్య ఏమి పోయిందో చెప్పగలుగుతున్నారు.

ఈ పని ప్రభుత్వం చేయలేదా అంటే, ఒక చోట చేసింది. న్యూయార్క్ నగరపు పన్నుల శాఖ 1939 - 41 సంవత్సరాల మధ్య, నిరుద్యోగులకు పని కల్పించే పథకం సాయంతో, నగరంలోని ఐదు విభాగాలలోనూ ఉన్న ప్రతి కట్టడాన్నీ ఫొటో తీయించింది. ఏడు లక్షలకు పైగా బొమ్మలు! అనేక బొమ్మల్లో ఇంటి ముందు, ఆ స్థలం సంఖ్యలు పేర్చిన చిన్న పలక ఒకటి కనిపిస్తుంది. కళ లేదు, ప్రేమ లేదు, పన్ను లెక్క తప్ప వేరే ఉద్దేశమే లేదు. అయినా ఏ ఇంటినీ వదలలేదు. ఆకాశహర్మ్యానికి ఒక ఫొటో, దాని వెనుక సందులోని షెడ్డుకూ ఒక ఫొటో. 2018లో వాటిని అందరికీ అందుబాటులోకి తెచ్చారు. తమ తాత కాపురమున్న ఇల్లు ఏదో, నేడు ఎవరైనా కూర్చున్న చోటు నుంచే చూడవచ్చు.

ఔత్సాహికులు గుంపుగా పూనుకుంటే ఏమవుతుందో ఇంగ్లండు చరిత్ర చెబుతుంది. 1889లో జెరోమ్ హారిసన్ అనే విద్యావేత్త బర్మింగ్‌హామ్ ఛాయాగ్రాహకుల సంఘం ముందు ఒక ప్రతిపాదన ఉంచాడు: ఎవరికి తోచినది వారు తీయడం మాని, అందరూ కలిసి జిల్లా అంతటినీ పద్ధతిగా చిత్రించి భవిష్యత్తుకు అప్పగిద్దామని. అటువంటి పనినే దేశం మొత్తానికి విస్తరించాలని బెంజమిన్ స్టోన్ అనే గాజు వ్యాపారి, పార్లమెంటు సభ్యుడు, 1897లో జాతీయ ఛాయాచిత్ర నమోదు సంఘాన్ని స్థాపించాడు. రంగు వెలియని పద్ధతిలో ముద్రించాలి, వివరాలు రాయాలి, ప్రతులు బ్రిటిష్ మ్యూజియానికి చేరాలి - ఇవీ వారు పెట్టుకున్న నియమాలు. 1910లో ఆ సంఘం మూతపడింది. స్టోన్ సేకరణలోని 20,000కు పైగా ఫొటోలు బర్మింగ్‌హామ్ గ్రంథాలయానికి చేరాయి.

అయితే వారిలో ఒక లోపం ఉన్నది. ప్రాచీనమైన చర్చీలు, కర్రచట్రంతో కట్టిన పురాతన గృహాలు, గ్రామోత్సవాలు - వీటి మీదనే మోజు. యంత్రాల కార్మికులు కిక్కిరిసి బతికిన ఇటుక ఇళ్ళ వరుసలు వారి కంటికి అంతగా ఆనలేదు. తమ దేశం ఎలా ఉండాలని కోరుకున్నారో అలా తీశారు తప్ప, ఎలా ఉన్నదో అంతా తీయలేదు. కుష్మన్ నుంచి నోటు పుస్తకాన్నీ, న్యూయార్కు పన్నుల శాఖ నుంచి ఏ ఇంటినీ వదలని సమదృష్టినీ, ఈ ఇంగ్లండు సంఘాల నుంచి చివరికి ఆ బొమ్మలు ఎక్కడ చేరాలన్న ముందుచూపునూ మనం నేర్చుకోవచ్చు. మోజును మాత్రం అక్కడే వదిలిరావాలి.

ఇక మన సంగతి. తెలుగునాట ఛాయాచిత్ర చరిత్ర అనగానే లాలా దీన్ దయాళ్ పేరు వస్తుంది. ఆయన రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ప్రభుత్వోద్యోగం చేస్తూ, మొదట సరదాగానే కెమెరా పట్టాడు. తరువాత ఆరవ నిజాము కొలువులో రాజా బిరుదు పొందాడు. హైదరాబాదు నవాబుల మహళ్ళు, విందులు, వేటలు ఎలా ఉండేవో ఆయన పుణ్యమా అని మనకు తెలుసు. ఆ మహళ్ళలో పనిచేసి సాయంకాలం ఇంటికి చేరుకున్నవారి ఇల్లు ఎలా ఉండేదో అంత బాగా తెలియదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి నగరాన్ని ముంచెత్తిన తరువాత తీసిన ఫొటోలలో మాత్రం మామూలు ఇళ్ళు బారులు తీరి కనిపిస్తాయి - పైకప్పులు లేకుండా, మొండిగోడలతో! కూలిన తరువాత గాని సామాన్యుడి ఇంటికి కెమెరా ముందు నిలబడే అర్హత రాలేదన్నమాట.

శ్రీశైలం ప్రాజెక్టు కట్టినప్పుడు కృష్ణా తుంగభద్రల సంగమం దగ్గర కూడవెల్లిలోని సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, గుర్తులు వేసి, ఆలంపురంలో మళ్ళీ నిలబెట్టారు. మంచిపని, మెచ్చుకోవలసిన పని. నాగార్జునసాగరం కింద మునిగిపోయే ఇక్ష్వాకుల కాలపు అవశేషాలను కూడా తవ్వి తీసి కొండ మీదికి చేర్చారు. ఆ రెండు జలాశయాల కింద మునిగిన ఊళ్ళలో ఇళ్ళకు ఆ యోగం లేదు, ఉండడమూ సాధ్యం కాదు. కానీ ఇంటికొక ఫొటో సాధ్యమే కదా? నష్టపరిహారం కోసం ప్రతి ఇంటినీ కొలిచి, గోడ ఏమిటి, కప్పు ఏమిటి అని పట్టికలు రాసుకున్న వ్యవస్థ మనది. ఆ పట్టిక పక్కనే ఒక్కొక్క బొమ్మ కూడా ఉండి ఉంటే, నిర్వాసితుల మనవలకు తమ ఊరు నీటి మట్టం లెక్కలలో కాక మరోచోట కూడా కనిపించేది. పోలవరం ముంపులో మూడు వందలకు పైగా ఆవాసాలున్నాయి. కోయలు, కొండరెడ్లు తరతరాలుగా వెదురుతో, మట్టితో కట్టుకున్న ఇళ్ళు వాటిలో ఎన్నో. వారి ఇంటి పద్ధతి పునరావాస కాలనీల కాంక్రీటు గదులలో కనిపించదు.

నీటిలో మునగని ఊళ్ళలో ఇళ్ళు వేరే విధంగా పోతున్నాయి. "డెవలప్‌మెంటుకు ఇచ్చాం" అన్న ఒక్క మాటతో అరుగు, నడవ, పెరడు, నుయ్యి అన్నీ పోయి ఐదంతస్తులు లేస్తాయి. ఇచ్చినవారిని నిందించడం నాకు ఇష్టం లేదు. నలుగురన్నదమ్ములలో ముగ్గురు దూరదేశాలలో ఉన్నారు. ఏటేటా పెంకులు సర్దే మనిషి దొరకడు, దూలాలకు చెద పట్టింది, వాటాలు తేలవు. అందులో ఉండి కష్టపడేవారికి ఇల్లు వారసత్వ సంపద అని ఉపన్యాసం ఇచ్చే హక్కు, వారానికి ఒకసారి వచ్చి మెచ్చుకొని పోయేవారికి లేదు. చట్టం కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు. హైదరాబాదులో 1981 నాటి నిబంధనల కింద కొన్ని కట్టడాలకు ఉన్న రక్షణను 2015లో తొలగించారు, 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఏ జాబితా అయినా ఎన్నదగిన కట్టడాలకే కాని, ఎన్నికలేని ఇళ్ళకు కాదు.

కాబట్టి నేను అడుగుతున్నది ఇంటిని కాపాడమని కాదు, పోయే ముందు దాని ఆనవాలు నమోదు చేయమని. ఒక ఇల్లు అంటే నాలుగు గోడలు కాదు, ఆ నేలలో బతకడానికి మనుషులు తరాల తరబడి వెతుక్కున్న సమాధానం. గోదావరి జిల్లాల మండువా లోగిలి నడుమ ఆకాశానికి తెరచి ఉంచిన చోటు, వాననూ వెలుతురునూ ఇంట్లోకి రానిచ్చే ఏర్పాటు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు గుండ్రంగా ఉండడం, కప్పు నేలదాకా వంగి ఉండడం తుపాను గాలికి ఎదురు నిలవడానికి. రాయలసీమ మిద్దె మీద దళసరిగా పరచిన మట్టి, చవుడు ఎండను లోపలికి రానీయవు. కప్పులోని గవాక్షి నుంచి వెలుతురు దిగుతుంది. తెలంగాణలో గూనపెంకుటిళ్ళు, పెద్ద దర్వాజాలు, లోపలి అర్రలు మరో పద్ధతి. ఈ తెలివితేటలను ఏ తాపీమేస్త్రీ, ఏ వడ్రంగీ పుస్తకంగా రాసిపెట్టలేదు. వారి రాత అంతా ఆ ఇళ్ళే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. పాత ఇల్లు అనగానే మనకు మండువా, ఉయ్యాల బల్ల, ఇత్తడి చెంబు గుర్తుకు వస్తాయి. అటువంటి ఇల్లు ఊళ్ళో ఎందరికి ఉండేది? ఆ అరుగు ఎక్కడానికి ఎవరికి అనుమతి ఉండేది, ఎవరు కింద నిలబడి మాట్లాడేవారు? ఊరి చివర పేటలో తాటాకు పాకల ఫొటో లేకుండా, నడివీధి లోగిళ్ళ ఫొటోలు మాత్రమే మిగిలితే అది ఊరి చరిత్ర కాదు, ఊళ్ళో ఒక వీధి చెప్పుకున్న గొప్ప మాత్రమే. ఆ లోగిలి లోపల కూడా చూడవలసినవి ఉన్నాయి: కిటికీ లేని వంటగది, దాని పొగచూరిన గోడలు, అందులో జీవితమంతా గడిపిన ఆడవాళ్ళు కూర్చున్న పీట. ఇంగ్లండువారి మోజు మనకు పనికిరాదని పైన అన్నది ఇందుకే. ప్రభుత్వం పాకల స్థానంలో 1980లలో కట్టించిన కాలనీ ఇళ్ళు కూడా ఇప్పుడు పాతవే, అవీ పోతున్నవే. వాటిని అందంగా లేవని వదిలేస్తే, ఒక తరం తొలిసారిగా గట్టి కప్పు కింద నిద్రించిన చరిత్రను వదిలేసినట్టే.

ఇప్పుడు ప్రతివారి జేబులోనూ కెమెరా ఉన్నది, ఇంకా ఈ బాధ దేనికి అని అడగవచ్చు. 2022లో గూగుల్ వారి వీధి చిత్రాలు కూడా హైదరాబాదు మొదలైన నగరాలకు వచ్చాయి. నిజమే. కానీ కారు మీద తిరిగే కెమెరా ప్రహరీ గోడను చూస్తుంది, ద్వారబంధం మీది చెక్కడాన్ని చూడదు. ఆ ద్వారబంధం చెక్కినది ఎవరో, కలప ఎక్కడి నుంచి వచ్చిందో దానికి చెప్పేవారు లేరు. జేబులో కెమెరా ఉన్న మనమో, వేల ఫొటోలు తీసి ఒక్కదాని వెనుకా ఒక్క మాట రాయము. ఫోను పాడైన రోజున అవీ పోతాయి. వెనకటివారికి ఫొటోలు కరవు, మనకు వివరాలు కరవు.

చేయవలసినది పెద్ద పని కాదు. ఇంటివారి అనుమతి ముందు అడగాలి. అది మర్యాద మాత్రమే కాదు, లోపలి విశేషాలన్నీ వారి నోటి నుంచే రావాలి. ఎదురు అరుగు మీద నిలబడి ఇంటి ముఖం మొత్తం వచ్చేటట్టు ఒకటి, రెండు పక్కల నుంచి చెరొకటి, ద్వారబంధం ఒకటి, కప్పును కింద నుంచి ఒకటి, వంటిల్లు ఒకటి, పెరడు ఒకటి. ఒక బొమ్మలోనైనా ఒక మనిషి నిలబడితే కొలత తెలుస్తుంది. వంకరగా తీసి వింత కోణాలు చూపించవద్దు, రంగులు దిద్దవద్దు. ఆ తరువాత రాత: ఊరు, వీధి, ఇంటి నంబరు, పక్కన ఏముంది, తేదీ. కట్టిన కాలం గురించి ఇంటివారు చెప్పినది, చెప్పినవారు ఎవరన్నది. వారు సమ్మతిస్తేనే పేర్లు. ఇటుక ఏ బట్టీది, సున్నం ఎక్కడ ఆడించారు, ఎప్పుడు ఏ మార్పు చేశారు. సగం పేజీ చాలు.

ఆ తరువాత అది ఒక్కచోట ఉండకూడదు. కాగితం మీద అచ్చువేసి ఒక ప్రతి ఇంటివారికి, ఒకటి ఊరి శాఖా గ్రంథాలయానికో బడికో ఇవ్వాలి. మరొకటి వికీమీడియా కామన్స్ వంటి చోట స్వేచ్ఛగా అందరికీ వదలవచ్చు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో మన ఊళ్ళకు వేల పేజీలున్నాయి. వాటిలో చాలా పేజీలు ఒక మంచి బొమ్మ కోసం ఎదురుచూస్తున్నాయి. వీధిలో నుంచి కట్టడాన్ని ఫొటో తీస్తే హక్కుల చిక్కు వస్తుందేమోనన్న భయమూ అక్కరలేదు. కట్టడాల ఫొటోలకు 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షను మినహాయింపు ఇస్తున్నది.

వీధికొకరు పూనుకున్నా చాలు. మొదట ఏ ఇల్లు తీయాలి అన్న సందేహం వస్తే, వీధిలో అన్నింటికంటే అందమైన ఇంటితో మొదలుపెట్టవద్దు. దానికి ఇంకొకరు దొరుకుతారు. బిల్డరుతో మాటలైపోయి, సామాను సర్దుకుంటున్న ఇల్లు ఏదో మీకు తెలిసే ఉంటుంది. ఈ ఆదివారం ముందు అక్కడికి వెళ్ళండి.